పూర్వికుల ఊరు – గురుకరజాతుని కులము

హైదరాబాదు, పూనా, బెంగుళూరు నగరములందును, సముద్రముల కావలి దేశములందును స్థిరపడిన లింగాయత కుటుంబములలో, తాతముత్తాతల గ్రామమును ఒక్కమారైనను చూచి రావలెనను కోరిక పుట్టుట వింత కాదు. బీదరు, కలబురగి, జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతముల పల్లెలకు అట్లు వచ్చువారికి మొదట కనబడునది సాధారణముగా ఒక మొండిగోడ. పెద్ద వాకిలి ఉండినచోట తుమ్మచెట్టు మొలచి యుండును. ఊరివారిలో ఒక వృద్ధుడు కన్నులకు చేయి అడ్డము పెట్టుకొని, "మీరు ఎవరింటివారు?" అని అడుగును. ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకుకొనుటకే వారు అంతదూరము వచ్చియుందురు.

ఇచట నొక ధర్మసందేహము కలదు. బసవేశ్వరుని మార్గమున నడచువానికి ఈ వెదకులాట తగునా? లింగదీక్ష పొందినవాడు గురుకరజాతుడు, అనగా గురుని చేతిలో పుట్టినవాడు. అతని తొలి పుట్టుక దీక్షతోనే తీరిపోయినది. వీరశైవము నిరాకరించిన పంచసూతకములలో జాతిసూతకము ఒకటి. లింగధారియైనవాని పూర్వజాతిని విచారించుట అపచారమని పెద్దలు చెప్పుచు వచ్చిరి. అడుగరాని ప్రశ్నను ఇతరుల విషయమున మానుకొని, తన విషయమున మాత్రము దప్తరములు తిరగవేసి మరీ అడుగుకొనుట ఎట్టి న్యాయము?

ఈ ఆక్షేపణ బలమైనదే. బసవేశ్వరుడు స్వయముగా పూర్వికుల ఊరిని విడిచి వెడలినవాడు. బాగెవాడిలో మాదరసు, మాదలాంబల యింట జనించి, ఉపనయనమును నిరాకరించి, కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమమునకు పోయెనని సంప్రదాయము. కన్నవారి కులమును విడిచిన ఆ మహానుభావుడు మాదార చెన్నయ్యను, డోహర కక్కయ్యను తన బంధువులుగా చెప్పుకొనెను. చెన్నయ్య తోళ్ల పనివాడు, కక్కయ్య తోళ్లను ఊనువాడు. బ్రాహ్మణ వంశమున పుట్టినవాడు ఇట్టివారిని తన వంశముగా ఎన్నుకొనెను. అట్టి వాని అనుయాయులు ఆరవ తరమువాడు దేశాయియా, దేశముఖియా అని ఆరా తీయుచు తిరుగుట చూచువారికి హాస్యాస్పదముగా తోచిన తోచవచ్చును.

అయినను సంగతి అంతటితో తీరునది కాదు. శరణుల పేర్లనే పరికింపుడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. మడివాళ మాచయ్య బట్టలు ఉదుకువాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు. మేదర కేతయ్య వెదురుబుట్టలు అల్లువాడు. ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యమును ఏరుకొనువాడు. వేశ్యావృత్తినుండి వచ్చిన సంకవ్వను సైతము శరణసమూహము సూళె సంకవ్వ అనియే స్మరించుచున్నది. పూర్వజాతిని అడుగరాదన్న సమాజమే ఎనిమిది వందల యేండ్లకు పైగా ఈ పేర్లను ఒక్క అక్షరము మార్చక కాపాడుకొని వచ్చినది. పుట్టుక కళంకమే అయినచో మొదట చెరిపివేయవలసినవి ఈ పేర్లే గదా! అడుగకుండుట వేరు, దాచుట వేరు. శరణులు అడుగలేదు, దాచను లేదు. ఈ రెండింటిని ఒకటిగా పొరబడుటనుండియే నేటి చిక్కు పుట్టుచున్నది.

పూర్వికుల స్మరణ విషయమున లింగాయతునికి గల స్థితి ఇతరుల స్థితివంటిది కాదు. గయకు పోయి పిండము పెట్టువానికి తండ్రి, తాత, ముత్తాతల పేర్లును గోత్రమును తెలియుట అవసరము. అవి తెలియనిచో కర్మ సాగదు, కర్మ సాగనిచో పితరులకు గతి లేదని నమ్మిక. శరణునికి ఈ నిర్బంధము లేదు. దేహము విడిచినవాడు లింగైక్యుడు; అతనికి ఆకలి లేదు, దప్పిక లేదు, బ్రదికియున్నవారినుండి రావలసినది ఏదియు లేదు. (మహాలయ అమావాస్యనాడు కొన్ని ఇండ్లలో జరుగు తంతును గూర్చి ఇచట ప్రస్తావింపకుండుటయే మేలు.) కాబట్టి పూర్వికుల ఊరికి పోవు లింగాయతుడు చనిపోయినవారికొరకు పోవుటలేదు. పోకపోయినను ఎవరికిని లోటు రాదు. అక్కరలేకయే చేయు పని గనుక, ఏ కోరికతో చేయుచున్నాడన్నదే అచట ముఖ్యము.

మరియొక సంగతియు ఆలోచింపదగినది. లింగాయతుని సమాధిచేయునపుడు దేహమును కూర్చుండబెట్టి, ఎడమ అరచేత ఇష్టలింగమును ఉంచి, విభూతి పత్రులతో భూస్థాపితము చేయుదురు. బ్రదుకంతయు అరచేత పెట్టుకొని పూజించిన వస్తువు అతనితోనే మట్టిలోనికి పోవును. పొలము కొడుకునకు వచ్చును, ఇల్లు వచ్చును, అప్పును వచ్చును. ఇష్టలింగము మాత్రము వారసత్వముగా రాదు. ప్రతివాడును గురునివద్ద క్రొత్తగా పొందవలసినదే. పది తరముల లింగాయతుని మనుమడును, నిన్న దీక్ష పొందినవాడును ఈ ఒక్క విషయమున సరిసమానులు. వంశము ఎంత పొడవైనను అరచేతిలోని లింగము వయస్సు ఆ ఒక్క మనుజుని వయస్సునకు మించదు.

ఇక ఊరికి పోయినవారు ఏమి చూతురు, ఎవరిని అడుగుదురు? మొదటి ఆధారము సమాధులు. ఊరి వెలుపల రుద్రభూమిలో రాతి గద్దెలు కొన్ని మిగిలియుండును. వానిమీద చెక్కిన లింగమో నందియో తప్ప అక్షరములు అరుదు. రెండవది మఠము. ఊరి మఠమునకు శిష్యులైన ఇండ్ల వివరములు పాత కాగితములలో దొరకిన దొరకవచ్చును. మూడవది రెవెన్యూ దప్తరము. నిజాం కాలపు సేత్వారులు, పహాణీలు ఉర్దూలో ఉండును. సంవత్సరములు ఫసలీలో ఉండును. 1350 ఫసలీ అని యున్నచో 590 కలిపి 1940 అని గ్రహింపవలెను. తెలంగాణ గ్రామములకు 1954–55 నాటి ఖాస్రా పహాణీ ముఖ్యమైన ఆధారము. 1956 నవంబరు 1న రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడినపుడు పూర్వపు బీదరు జిల్లా మూడు ముక్కలైనది. ఉద్గీరు, నిలంగా, అహమ్మదుపూరు మరాఠీ ప్రాంతములతో కలిసెను. జహీరాబాదు, నారాయణఖేడు తెలుగు ప్రాంతమున మెదకు జిల్లాకు వచ్చి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నవి. మిగిలినది కన్నడ రాష్ట్రమునకు పోయెను. ఆ ఎల్లలకు ఇరువైపుల బంధుత్వములు గల ఒక ఇంటి కథ వెదకవలెనన్న పొలము కాగితము ఉర్దూలో, మఠపు లెక్క కన్నడములో, ఇంటివారి మాట తెలుగులో, వెదకుచున్న మనుమని చదువు ఇంగ్లీషులో ఉండును. నలుగురు కూర్చుండిన గాని ఒక్క వాక్యము పూర్తికాదు.

వీనియన్నిటికంటె విచిత్రమైన ఆధారము హెళవవారు. హెళవ అనగా కన్నడమున కుంటివాడు. తెలుగునాట పిచ్చుకుంట్లవారు రెడ్ల గోత్రములు చెప్పునట్లే, ఉత్తర కర్ణాటకమున హెళవలు ఇంటింటి వంశావళిని చెప్పుదురు. పూర్వము ఎద్దునెక్కి వచ్చెడివారు. సుగ్గికాలము ముగిసి ధాన్యము ఇంటికి చేరిన తరువాత వారి రాక. వాకిట నిలిచి ఆ ఇంటి మూలపురుషునితో మొదలుపెట్టి, అతడు ఏ ఊరినుండి వచ్చెనో, ఎందుకు వచ్చెనో, ఎవరికి ఎందరు కొడుకులో పాటగా చెప్పి, క్రొత్తగా పుట్టినవారి పేర్లను చేర్చుకొని, ధాన్యమో వస్త్రమో గైకొని పోవుదురు. నోటితో నిలిచిన ఆ విద్య తరువాత పుస్తకములకు ఎక్కినది. ఒక్కొక్క హెళవ కుటుంబమునకు కొన్ని ఊళ్లు వంతుగా ఉండును. ఊరు విడిచి పోయినవారి ఇంటికథయు వారి పుస్తకమున ఆగిన తరమువరకు అట్లే నిలిచియుండును.

ఆ పుస్తకము తెరచినపుడు కోరినదే దొరకునన్న నిశ్చయము లేదు. ఒక ఉదంతమును ఊహింతురు గాక. మంజీరా ఒడ్డుననుండి మూడు తరముల క్రిందట ధాన్యవ్యాపారమునకై నగరమునకు వచ్చిన కుటుంబము. తమ పూర్వికులు కల్యాణపు దొరతనమున పెద్ద ఉద్యోగులని ఆ ఇంట పెద్దలు చెప్పుకొనుచుండిరి. అది ఎవరు చెప్పిరో, ఎచ్చట వ్రాయబడెనో ఎవరును అడుగలేదు. ఉద్యోగవిరమణ చేసిన తాత మనుమని వెంటబెట్టుకొని ఊరికి పోయి, హెళవను పిలిపించెను. హెళవ చదువుచు ఏడవ తరమునకు వచ్చి, మంజీరా రేవున పడవ నడుపు అంబిగుడొకడు మఠస్వామిని ఏరు దాటించి, ఆయనచేతనే లింగదీక్ష పొందెననియు, ఈ ఇంటికి అతడే మూలపురుషుడనియు చెప్పెను. తాత ముఖము వెలవెలబోయెను. "ఇక చాలు, పుస్తకము మూయుము" అనెను. "తాతా, ఇప్పుడే గదా కథ మొదలైనది!" అని మనుమడనెను. మనుమరాలి పెండ్లిమాటలు నడచుచున్న సమయమది.

తాత పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. ఆయన దుష్టుడు కాడు. పెండ్లికొడుకు తరపువారు సంబంధము వదలుకొందురేమోయని ఆయన భయము. ఆ భయము నిరాధారము కాదు. బణజిగ, పంచమసాలి, గాణిగ, సాదర, జంగమ యని తెగలు చూచుకొని, బెడగులు చూచుకొని పెండ్లిండ్లు చేయుచున్న సమాజమే ఆ భయమును ఆయనకు నేర్పినది. పైగా ఆయన నోట శాస్త్రవాక్యము వంటి మాటయు ఉన్నది: "శరణుని పూర్వజాతిని ఎత్తరాదని గదా పెద్దలు చెప్పినది! నేను చేయుచున్నదియు అదియే." వినుటకు ఇది నిర్దుష్టముగా ఉన్నది. దీనిని పరీక్షించుటకు ఒక్క ప్రశ్న చాలును. హెళవ ఏడవ తరమువాడు కల్యాణమున దండనాయకుడని చెప్పియుండినచో తాత పుస్తకము మూయించెడివాడా? మూయించక, మరల చదివించి, సెల్లుఫోనులో ఎక్కించి బంధువులకు పంపియుండెడివాడు. కావున ఆయన మౌనము జాతిని లెక్కింపనివాని మౌనము కాదు, లెక్కించువాని మౌనము. పూర్వజాతిని ఎత్తరాదన్న నియమము క్రిందివానిని కాపాడుటకు ఏర్పడినది. పైవాడనిపించుకొనవలెనను కోరికకు అది తెర కారాదు.

అంబిగుని దాచిన మరియొక నష్టము కలదు. దీక్ష పొందిన క్షణమున ఆ పడవవాని పూర్వజన్మ తీరెనని గురువు పలికెను. ఏడు తరముల తరువాత మనుమడు సిగ్గుపడినచో, ఆ జన్మ తీరలేదని, గురుని హస్తము వ్యర్థమైనదని సాక్ష్యము పలికినట్లగును. దండనాయకుని వంశమువాడు ఇట్టి సాక్ష్యము ఎన్నడును చెప్పనక్కరలేదు. దీక్షయందు నిజమైన విశ్వాసము కలదో లేదో తెలియునది అంబిగుని మనుమనికే. హరళయ్య కుమారునికి మధువరసు కుమార్తెనిచ్చి కల్యాణమున శరణులు చేసిన వివాహమును ఈ సందర్భమున తలచుకొనక తప్పదు. ఆ వియ్యంకులలో ఒకడు చెప్పులు కుట్టువాడు, ఒకడు బ్రాహ్మణుడు. ఆ పెండ్లికి గాను బిజ్జలుడు ఇరువురిని క్రూరముగా చంపించెననియు, కల్యాణము అల్లకల్లోలమై శరణులు నలుదెసలకు చెదరిపోయిరనియు సంప్రదాయము. 1167 ప్రాంతపు సంగతి ఇది. శరణుల కుటుంబములలో అనేకములు పూర్వికుల ఊరు విడుచుటకు తొలి కారణము ఒక పెండ్లి. అదే పెండ్లిమాటకు జడిసి హెళవ పుస్తకము మూయుట ఎంతటి దూరము నడచి ఎచ్చటికి చేరుట!

అయితే పెండ్లివారికి పోయి చెప్పవలెనా? అడుగనివానికి దండోరా వేసి చెప్పవలసిన విధి లేదు. ఇష్టలింగమును చూపిన తరువాత ఇంకేమియు చూపనక్కరలేదన్నదే మతము. అడిగినచో అబద్ధమాడరాదు. అట్లు అడిగి, విని, సంబంధము వదలుకొన్నవాడు ఆ ఇంటికి చేసినది మేలే. పుస్తకమున పేరు కొట్టివేయించుట మాత్రము ఏ విధముగను సమ్మతము కాదు; పేరు అంబిగునిది, మనుమని సొత్తు కాదు.

ఇది ఒకవైపు. వెదకులాటలో దీనికి ప్రతికూలమైనదియు దొరకవచ్చును. మూలపురుషుడు నిజముగానే వతనుదారుడై, వెట్టి చేయించి, అప్పుపత్రములమీద వ్రేలిముద్రలు వేయించుకొని పేదల పొలములు కలుపుకొన్నవాడుగా తేలవచ్చును. గొప్పవంశమని పొంగిపోవువారు ఈ పుటను చదువుటకు ఆగరు. తాత చేసిన పాపము మనుమనికి అంటదని చెప్పుట సులభము, అది సత్యమును. కర్మ వారసత్వముగా రాదు. కాని పొలము వచ్చినదే! అంబిగుని పుట్టుకకు సిగ్గుపడి, వతనుదారుని పొలమునకు సిగ్గుపడకుండుట తలక్రిందుల లెక్క. కాయకముచేత వచ్చినదే ప్రసాదమని నమ్మిన మార్గమున, కాయకము లేక వచ్చిన సొత్తు ఎవరిదన్న ప్రశ్న నేటికిని అదే ఇంటి గడపలో నిలిచియున్నది. దాసోహమను మాటకు ఊరి జాతరలో ఒకపూట అన్నము పెట్టించి, శిలాఫలకముపై పేరు చెక్కించుకొనుట అర్థము కాదు. ఆ పొలము ఎవరినుండి వచ్చెనో ఆ ఇంటివారు ఊరిలో ఇంకను ఉన్నచో, వారి పిల్లల చదువు సంగతియైన విచారించి రావచ్చును.

హెళవ పుస్తకములలో, మఠపు లెక్కలలో మగవారి పేర్లే నిండుగా ఉండును. కోడలు ఏ ఊరి ఆడపడుచో, కూతురు ఏ ఊరికి పోయెనో తరచుగా ఉండదు. ఆడపిల్ల మెడలోను ఇష్టలింగము కట్టిన మతమునకు ఇది తగిన లెక్క కాదు. చెన్నబసవణ్ణను లోకము ఎరుగుట బసవేశ్వరుని అక్క నాగమ్మ కుమారునిగా. తండ్రి పేరు అడిగినచో పండితులే తడుముకొందురు. కల్యాణము చెదరిన పిమ్మట శరణులను ఉళవికి నడిపినవాడు అతడే. మతము నిలిచినది ఆడపడుచు బిడ్డవలన. పూర్వికుల ఊరని తండ్రి ఊరినే వెదకి తల్లి పుట్టినూరును మరచినవారు సగము పుస్తకమే చదివినవారు.

ఊరిలో వెదకవలసినది పేర్లొక్కటే కాదు. 1880లో ధారవాడలో జనించి, బిజాపురమున న్యాయవాదియై యుండిన ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి వచనముల తాళపత్రములకొరకు మఠములు, గృహములు తిరిగి, 1923లో వచనశాస్త్రసారము తొలి భాగమును ప్రకటించెను. ఆ కట్టలు పూజాపీఠములందు పసుపుబట్టలో చుట్టి, చదువ రాకపోయినను పూజింపబడుచుండినవి. వానిని దాచిన ఇండ్ల వంశవృక్షములు నేడు ఎవరికిని పట్టవు. బసవేశ్వరుని చరితమును మొట్టమొదట పురాణముగా రచించినది తెలుగున పాలకురికి సోమనాథుడు. దానిని భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. కన్నడదేశపు మహాపురుషుని కథ తెలుగు ఇంట పెరిగి పుట్టినింటికి మరలి వచ్చినది. ఊరునకు, వంశమునకు, భాషకు శరణులు ఇచ్చిన విలువ ఎంతటిదో ఈ ఒక్క సంగతి చూచినను తెలియును.

కొందరికి పోవుటకు ఊరే లేదు. శ్రీశైలము జలాశయమున కర్నూలు, మహబూబునగరు జిల్లాల గ్రామములు అనేకము మునిగెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి ఆలంపురమునకు తరలించిరి. ఆలమట్టి నీటిలో పాత బాగలకోటలో పెద్దభాగము పోయినది. నారాయణపురము జలాశయము నిండినపుడు కూడలసంగమముననే బసవేశ్వరుని ఐక్యస్థలమును చూచుటకు నీటి నడుమ కట్టిన బావివంటి కట్టడములోనికి మెట్లు దిగి పోవలెను. దేవాలయములను తరలించిరి గాని, గద్దెలను తరలించినవారు తక్కువ. అట్టి ఊళ్లవారికి మిగిలినవి హెళవ పుస్తకములే. ఆ వృత్తివారి పిల్లలును నేడు నగరములలో ఇతర పనులకు పోవుచున్నారు. సుగ్గి ముగిసిన తరువాత ఎద్దుపై వచ్చి వాకిట నిలుచువాడు మరుసటి యేడు వచ్చునన్న నమ్మకము లేదు. మూయించిన పుస్తకమును తెరిపించవలసినవారు ఆ పని ఈ యేడే చేయించుకొనవలెను.